ఆమె సరే అంటేనే

అద్లియా, మనామా
9 జూన్ 2024

పెద్దమ్మకు ఇంద్రజ నమస్కారాలు.

ఫోన్లో నేను అరిచి చెప్పేది నీకు సగమే వినపడుతుంది. ఆ సగాన్ని కూడా నీ కర్రీ పాయింటులో మూకుళ్ళ చప్పుడు మింగేస్తుంది. చెవి మిషను పెట్టుకోమంటే, "నేను వినాల్సినవన్నీ ఎప్పుడో వినేశాను" అంటావు. అందుకని ఉత్తరమే రాస్తున్నాను. మన కన్నబాబు ఇక్కడి హిద్ నుంచి సెలవు మీద రాజోలు వస్తున్నాడు, అతని చేతికిచ్చి పంపుతున్నాను.

మా స్టూడియోలో పెళ్ళి వీడియోలే కాక పాత ఫిల్ము రీళ్ళను కంప్యూటర్లోకి ఎక్కించే పని కూడా చేస్తామని నీకు తెలుసు. పోయిన నెల మనామాలోని ఒక ప్రెస్బిటీరియన్ చర్చి వాళ్ళు పద్నాలుగు రేకు డబ్బాలు తెచ్చి ఇచ్చారు. నలభై ఏళ్ళ కిందట ఆ సంఘంలో ఐలీన్ అనే స్కాట్లండు నర్సు ఉండేవారట. ఆవిడ భర్త హిద్‌లో ఓడలు బాగుచేసే యార్డులో ఇంజనీరు. ఆయన చిన్న కెమెరాతో తీసిన రీళ్ళివి. ఈ మధ్యనే వాళ్ళమ్మాయి స్కాట్లండు నుంచి పంపింది. చర్చిలో కుట్టు తరగతి, ఆసుపత్రి మంచాల దగ్గర పాటలు, కూలీల క్యాంపుల్లో దుప్పట్ల పంపకం, అన్నీ ఉన్నాయి. పాపం, క్యాంపు వాళ్ళు కెమెరాను చూడగానే ఫొటో అనుకుని కదలకుండా నిలబడిపోయారు. దుప్పటి చేతిలో పెట్టినా కదలరు.

నవంబరులో ఆ సంఘానికి యాభై ఏళ్ళ పండగ. అప్పుడు వీటన్నిటినీ కలిపి గంట సినిమాగా చూపించాలని వాళ్ళ కోరిక. తొమ్మిదో డబ్బా దగ్గరే చిక్కు వచ్చింది. దాని మూత మీద ఐలీన్ గారు స్వయంగా కాగితం అంటించి రాశారు. "ఈ రీలు ఎవరికీ చూపవద్దు. ఇందులో ఉన్నామెను అడగాలి. ఆమె సరే అంటేనే." సంఘ పెద్దలకు కార్యదర్శి దేవేందర్ గారని కరీంనగర్ ఆయన. "ఆమె ఎవరో, యాడున్నదో మాకెవ్వరికి ఎర్క లేదమ్మా. దొరక్కుంటే డబ్బ మూసి లోపల పెట్టుడే. అమ్మ రాసిన మాట దాటం" అన్నారు.

కంప్యూటర్లోకి ఎక్కించాలంటే నేను చూడక తప్పదు. చూశాను. పూల వాయిల్ చీర కట్టుకున్న ఒకామె బిస్కత్తు టీలో ముంచుకుని తింటూ నవ్వుతోంది. తల మొత్తం వెనక్కి వాల్చి, పళ్ళన్నీ కనపడేలా. మన వంశంలో అలా నవ్వేది ఒక్కరే. ఫొటో తీయించి పంపుతున్నాను, చూసి చెప్పు. నువ్వు ఆరేళ్ళు ఇక్కడే బహ్రెయిన్‌లో ఇంటిపని చేశావని తెలుసు గానీ, చర్చి మాట నీ నోట ఎప్పుడూ రాలేదు. రీలు చివర ఇంకో సంగతుంది. అది నీ జవాబు వచ్చాక రాస్తాను.

ఇంద్రజ

*

రాజోలు
28 జూన్ 2024

చిరంజీవి ఇంద్రజను పెద్దమ్మ దీవించి రాయునది.

కన్నబాబు ఉత్తరం ఇచ్చాడు, ఖర్జూరం ఇచ్చాడు. ఖర్జూరం బాగుంది. ఫొటో చూశాను. అది నేను కాదు.

ఆ రోజుల్లో గల్ఫులో ఉన్న ఆడవాళ్ళం అందరం వాయిల్ చీరలే కట్టేవాళ్ళం. చీర చూసి మనిషిని పోల్చుకుంటే ఎలాగే? పైగా నేనప్పుడు ఈనెపుల్లలా ఉండేదాన్ని, ఈ ఫొటోలో మనిషికి బుగ్గలున్నాయి. అయినా చర్చికి నేనెందుకు వెళ్తాను? మనకు అంతర్వేది స్వామి లేడా? నవ్వు మన వంశానిదే అంటావా, నవ్వుకు కూడా వంశమేమిటి, నీ పిచ్చి గాని.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. కోడలు సత్యశ్రీ దొండకాయ వేపుడులో కొబ్బరి వేయడం మానేసింది, అడిగితే రేటు పెరిగిందంటుంది. కోనసీమలో కూర్చుని కొబ్బరి రేటు పెరిగిందంటే వినేవాళ్ళు నవ్వరూ? మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి షాపు ముందు జనం. ఆ గోలలో పడి నీకు జవాబు ఆలస్యమైంది.

ఊరికే అడుగుతున్నాను. ఆ రీలులో బొమ్మలేనా, మాటలు కూడా వినపడతాయా? చివర ఇంకో సంగతి ఉందన్నావు, అది నువ్వొక్కదానివే చూశావా, ఇంకా ఎవరైనా చూశారా? ఐలీనమ్మ ఎలా ఉంది?

పెద్దమ్మ

*

అద్లియా, మనామా
20 జూలై 2024

పెద్దమ్మా,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. నేను ఐలీన్ అనే నర్సు అని రాశాను. ఐలీనమ్మ అన్నది నువ్వు. ముఖం చూడని మనిషిని అంత చనువుగా ఎవరు పిలుస్తారు?

నువ్వడిగినవి చెప్తాను. రీలుకు మాటల్లేవు, బొమ్మలే. ఆమె ఎవరో పోల్చుకోవడానికని చివరి భాగం నేను, దేవేందర్ గారు, ఇంకో ఇద్దరు సంఘ పెద్దలు చూశాం. ఇక ఐలీన్ గారు లేరు. నాలుగేళ్ళ కిందట వాళ్ళ ఊళ్ళోనే పోయారు. ఈ కబురు నీకు ఇలా కాగితం మీద చెప్పాల్సి వచ్చినందుకు బాధగా ఉంది.

ఇప్పుడు ఆ చివరి భాగం, ఇంకో రోజు తీసింది. ఇక్కడ ఆదివారం డ్యూటీ ఉంటుంది కాబట్టి ఆరాధన శుక్రవారమే. బెంచీల నిండా జనం. సంఘ పెద్దలు రొట్టె ముక్కలున్న పళ్ళేలు తెచ్చి బెంచీ చివర అందిస్తే, అవి ఒకరి చేతి నుంచి ఒకరికి వెళ్తున్నాయి. ప్రభు బల్ల అంటారు దాన్ని. ఒక్కొక్కరు ఒక్క ముక్క తీసుకుంటారు. బాప్తిస్మం తీసుకోనివాళ్ళు ముట్టకుండా పక్కవారికి అందిస్తారట. పళ్ళెం వాయిల్ చీర ఆమె దగ్గరకు వచ్చింది. ఆమె ఒక ముక్క తీసి కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంది. ఇంకొకటి తీసింది. ఇంకొకటి. తిన్నది కాక మొత్తం మూడు తీసి, చెంగులో పెట్టి ముడి వేసుకుంది. పక్కనున్నావిడ తల తిప్పి చూసింది. పెద్దమనిషి పళ్ళెం కోసం చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. అప్పుడు ఆమె తలెత్తి, కెమెరాను చూసింది. ఆ చూపు గురించి రాయలేను పెద్దమ్మా. ముఖానికి చెంగు కప్పుకుని లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత రీలు ఖాళీ.

ముడి వేసేటప్పుడు ఆమె ఎడమచేతి చిటికెన వేలు వంగలేదు. చిన్నప్పుడు రోకలి దెబ్బకు బిగుసుకుపోయిన వేలు ఒకటి నాకు తెలుసు. దాన్ని పట్టుకునే నేను నడక నేర్చుకున్నాను.

నీ పేరు ఎవరికీ చెప్పలేదు. నువ్వు చెప్పమంటేనే చెప్తాను. ఒక పెద్దాయన, ఇది చూస్తే జనం నవ్వుతారు, ఎందుకొచ్చిన గొడవ, వదిలేద్దాం అంటున్నారు. దేవేందర్ గారు మాత్రం ఆమె బతికుంటే ఆమెనే అడగాలని పట్టుబట్టి కూర్చున్నారు. నేను అడుగుతున్నాను.

ఇంద్రజ

*

రాజోలు
16 ఆగస్టు 2024

ఇంద్రజా,

నేనే.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ. నీకు తప్ప ఇంకెవరికి చెప్పుకుంటాను.

నేను ఎనభై మూడులో వెళ్ళాను. మనామా సూకు బజారు వెనక సందులో ఇల్లు. మేడమ్ చెడ్డది కాదు, గేటు మాత్రం దాటనిచ్చేది కాదు. ఏడాదికి ఇస్త్రీ పెట్టె తగిలి చెయ్యి కాలితే ఆసుపత్రికి పంపింది. అక్కడ కట్టు కట్టింది ఐలీనమ్మ. ఆమెకు తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు. వచ్చీ రాని హిందీలో ఇద్దరం తంటాలు పడ్డాం. శుక్రవారం చర్చికి రా, టీ తాగుదువుగాని, అంది. మేడమ్‌తో తనే మాట్లాడి నాకు రెండు గంటలు ఇప్పించింది. వారానికి రెండు గంటలు. ఆ రెండు గంటల కోసమే మిగిలిన వారమంతా బతికేదాన్ని. కుట్టుమిషను తొక్కడం అక్కడే నేర్చుకున్నాను. మతం మార్చుకోమని ఒక్కరూ అనలేదు. వెళ్ళి కూర్చుంటే తిన్నావా అని అడిగే మనిషి ఉండేది, అంతే. పరాయి దేశంలో ఆ మాట ఎంత పెద్దదో నీకు చెప్పక్కర్లేదు.

నేనెప్పుడూ ఆరాధన అయ్యాక టీ వేళకే వెళ్ళేదాన్ని. రెండేళ్ళలో ఆ ఒక్క రోజే మేడమ్ వాళ్ళ డ్రైవరు ముందుగా దింపేశాడు. బయట ఎండలో నిలబడలేక లోపలికెళ్ళి కూర్చున్నాను. పళ్ళెం వచ్చింది. ప్రసాదం అనుకున్నాను. ఇంకేమనుకుంటాను? అంతర్వేదిలో ప్రసాదం పెడితే రాలేనివాళ్ళకని ఇంకాస్త అడిగి తెచ్చుకోమూ? ప్రసాదం ఒక్కళ్ళమే తినేసి చేతులు దులుపుకుని రావడం మన ఇంటావంటా ఉందా? మా సందులో ముగ్గురుండేవారు. పక్కింటి రాములవ్వ నిజామాబాదు మనిషి, సాయికుమారి మన సఖినేటిపల్లి పిల్ల, ఇంకొకామె సింహళం నుంచి వచ్చింది. వాళ్ళకు నాకున్న రెండు గంటలు కూడా లేవు. ముగ్గురికి మూడు ముక్కలు తీశాను. వంటింటి కిటికీల్లోంచి ఇచ్చాను. రాములవ్వ కళ్ళకద్దుకుని, "గిది ఏ దేవునిదే?" అంది. "ఏ దేవుడిదైతే ఏంటే, తిను ముందు" అన్నాను.

కెమెరాను చూసినప్పుడే ఏదో తప్పు చేశానని తెలిసింది. ఏం తప్పో తెలియలేదు. ఎదురింట్లో వంట చేసే మలయాళీ క్రైస్తవురాలు చెప్పింది, అది వాళ్ళ ప్రభువు శరీరమట, బయటివాళ్ళు ముట్టనే కూడదట, కింద పడితేనే మహాపాపమట. నేను దాన్ని చేపల వాసన వేసే చెంగులో మూటగట్టాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టయింది నా పని. నాకు ఆదరువైన మనుషుల దేవుణ్ణే దొంగిలించి పట్టుకుపోయాను అనిపించింది.

ఐలీనమ్మ ఇంటికొచ్చింది, రెండుసార్లు. మేడమ్ కూతురి చేత లేనని చెప్పించి పొయ్యి పక్కన నక్కి కూర్చున్నాను. రెండోసారి చాలాసేపు గేటు దగ్గర నిలబడింది. ఆ నెలలోనే మా కఫీల్, అదే వీసా ఇచ్చిన యజమాని, ఇల్లు ముహరఖ్‌కు మార్చాడు. మళ్ళీ ఆమెను చూడలేదు. నాకు అంత చేసిన మనిషికి ఒక్క దండం పెట్టకుండా వచ్చేశాను. పోయిందని నువ్వు రాస్తే, ఆ రోజు షాపులో ఉప్పు వేశానో లేదో కూడా తెలియకుండా వండాను.

అడిగావు కాబట్టి చెప్తున్నాను. నేను సరే అనను. ఆ ముక్క కత్తిరించెయ్యి. అంతమంది కూర్చున్న పండగ రోజున నా దొంగతనం చూపించకు. నీ చేతిలో పనే కదా, నీ పెద్దమ్మ కోసం ఆ మాత్రం చెయ్యి.

సుబ్బాయమ్మ

*

అద్లియా, మనామా
14 సెప్టెంబరు 2024

పెద్దమ్మా,

కత్తిరించడం ఒక్క మీట నొక్కినంత పని. నొక్కలేదు. నీకు చెప్పకుండా ఇంకో పని చేశాను, తిడితే పడతాను. ఆమె దొరికింది, పేరు అడగకండి, ఆ రోజు తర్వాత మీ పెద్దలు ఏమనుకున్నారో నాకు తెలియాలి, అని దేవేందర్ గారిని అడిగాను.

ఈ సంఘంలో ఒక పద్ధతి ఉంది. పాస్టరు ఒక్కరే ఏదీ తేల్చరు. పెద్దలందరూ కూర్చోవాలి, మాట్లాడాలి, తేల్చిందాన్ని పుస్తకంలో రాయాలి. పైకప్పు కారినా రాస్తారు, కుర్చీ విరిగినా రాస్తారు. ఎనభై ఆరు మార్చి పుస్తకం బీరువా అడుగున దొరికింది. ఐలీన్ గారు అప్పటికే ఆ పెద్దల్లో ఒకరు. అందులో ఉన్నది ఉన్నట్టు తెలుగులో రాస్తున్నాను.

"ప్రభు బల్ల సమయంలో ఒక అతిథి రొట్టె ముక్కలు కట్టుకుని వెళ్ళిన విషయాన్ని ఒక పెద్ద ప్రస్తావించారు. ఐలీన్ చెప్పినది: నేను రెండుసార్లు ఆమె ఇంటికి వెళ్ళాను, ఆమె కనపడలేదు. పక్కింట్లో పనిచేసే స్త్రీ కిటికీలోంచి నాతో మాట్లాడింది. ఆ రొట్టె తనూ, మరో ఇద్దరూ తిన్నామని చెప్పింది. ముగ్గురూ ఇల్లు దాటి రాలేనివారు. మనం ఆ సందులో ఎన్నోసార్లు తిరిగాం. వాళ్ళు అక్కడ ఉన్నారని మనకు తెలియదు, ఆమెకు తెలుసు. తీర్మానం: ఇందులో తప్పు జరిగినట్టు పెద్దలు భావించడం లేదు. వచ్చే శుక్రవారం నుంచి, రాలేనివారి ఇళ్ళకూ క్యాంపులకూ సంఘం భోజనం పంపాలి. ఆరాధన జరిగేటప్పుడు ఇకపై కెమెరా వాడకూడదు."

నీ భయం గురించి కూడా అడిగాను. దేవేందర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత అన్నారు, "మా సంఘంల రొట్టె రొట్టేనమ్మా. మిగిలింది మా పోరగాళ్ళే తినేస్తరు. ఆమెకు చెప్పినామె వేరే సంఘం మనిషి కావచ్చు, వాళ్ళ పద్ధతి వాళ్ళది. గిన్నేండ్లు గా బరువు మోసుకుంట తిరిగిందా ఆ తల్లి? మేము పోయి చెప్పకపోతిమి గదా."

ఆ శుక్రవారం భోజనాలు ఇప్పటికీ ఆగలేదు. ఇంకో మాట ఉంది, ఇది నేను అమ్మకు కూడా చెప్పలేదు. 2020లో కరోనాకు స్టూడియో మూసేశారు. నేను అద్లియాలో ఈ గదిలోనే ఉన్నాను. బియ్యం అయిపోయాయి. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా బాగానే ఉన్నానని చెప్పేదాన్ని. ఒక శుక్రవారం తలుపు తీస్తే గుమ్మం ముందు అన్నం పొట్లం ఉంది. పై శుక్రవారం రెండు పెట్టారు, వాటితో పాటు వారానికి సరిపడా సామాన్ కూడా. దాదాపు మూడు నెలలు అలా పెట్టి వెళ్ళారు. ఎవరని నేను అడగలేదు, ఆకలి మీద ఉన్నాను. మొన్న దేవేందర్ గారిని అడిగితే, ఆ పొట్లాలు వాళ్ళవేనని చెప్పారు.

నువ్వు దొంగతనం అన్నదాన్ని తిని నేను బతికాను పెద్దమ్మా.

పండగ నవంబరు పదిహేను, శుక్రవారం. ఇంత చెప్పాక కూడా నువ్వు వద్దంటే వద్దనే. డబ్బా మూసి ఇచ్చేస్తాను, నిన్ను ఇంకొక్క మాట అడగను.

ఇంద్రజ

*

రాజోలు
12 అక్టోబరు 2024

ఇంద్రజా,

నీ ఉత్తరం పొయ్యి దగ్గరే చదివాను. పులుసు అడుగంటిపోయింది. సత్యశ్రీ వచ్చి, "ఏమైంది అత్తయ్యా, ఎవరైనా పోయారా?" అంది. "లేదే, ఎప్పుడో పోయినామె వచ్చింది" అన్నాను. దానికి అర్థం కాలేదు. అప్పుడు కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. విని, ఆ మధ్యాహ్నం షాపు తనే చూసుకుంది.

నువ్వు అన్నం లేకుండా ఉన్నావని నాలుగేళ్ళ తర్వాత చెప్తావా? ఈసారి వస్తే నీ వీపు విమానం మోత మోగిస్తాను. నీ గుమ్మం ముందు పొట్లం పెట్టిన చేతులు చల్లగా ఉండాలి. అవి ఎవరివో కనుక్కుని నా పేరు చెప్పి దండం పెట్టు.

దీనితో పాటు ఇంకో కాగితం పెట్టాను. అది ఐలీనమ్మకు. మనిషి లేదని తెలుసు, అయినా ఆమెకే రాయాలి. దేవేందర్ గారి చేత అందరి ముందు చదివించు.

పెద్దమ్మ

*

రాజోలు
అదే రోజు

ఐలీనమ్మ గారికి,

నేను సుబ్బాయమ్మను. చెయ్యి కాలితే మీరు కట్టు కట్టిన మనిషిని.

మీరు ఇంటికొచ్చిన రెండుసార్లూ నేను లోపలే ఉన్నాను. నన్ను నిలదీయడానికి వచ్చారనుకున్నాను. నాకు ధైర్యం చాలలేదు. మిమ్మల్ని అంతసేపు ఎండలో నిలబెట్టినందుకు క్షమించండి. రాములవ్వ మీతో మాట్లాడిందనీ, వాళ్ళ ముగ్గురికీ మీరు అన్నం పంపారనీ నాకు ఈ నెలలోనే తెలిసింది. వాళ్ళిప్పుడు ఎక్కడున్నారో తెలియదు. ఎక్కడున్నా వాళ్ళ తరఫున కూడా నేనే చెప్తున్నాను, మీ అన్నం తిన్నాం, మీరు చల్లగా ఉండాలి.

మీరు పోయిన ఏడాదే మా చెల్లెలి కూతురు మీ సంఘం అన్నం తిని బతికిందట. మీరు మొదలుపెట్టారు కాబట్టే అది ఆ పిల్ల గుమ్మం దాకా వచ్చింది. ఇంత మేలుకు ఏం చెప్పాలో నాకు చేతకాదు. మీ ప్రార్థన నాకు రాదు. అంతర్వేదిలో మీ పేరు చెప్పి దీపం పెట్టించాను. పూజారి గోత్రం అడిగాడు. నాకు తెలియదు, నర్సమ్మ అని చెప్పాను. మీకు అభ్యంతరం ఉండదనుకుంటాను.

నన్ను అడగనిదే ఆ రీలు చూపవద్దని మూత మీద రాసి, పోయేదాకా ఇంట్లో దాచిపెట్టారట. నేను ఆ దేశంలో ఆరేళ్ళు ఉన్నాను. యల్లా అంటే లేచాను, ఖలాస్ అంటే ఆపాను. నీకు ఇష్టమేనా అని ఎవరూ అడగలేదు. అడిగింది మీరొక్కరే. ఆ మాట నా దాకా రావడానికి ఇంతకాలం పట్టింది.

ఇష్టమేనమ్మా. సరే అంటున్నాను. అంతా చూపించమనండి, కింద నా పేరు కూడా వేయమనండి.

సుబ్బాయమ్మ